కర్తయు క్రియయు: మూడు భాషల తీరు
(రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



వ్యాకరణమను మాట వినబడగానే అది పండితుల సొత్తని తలచి లేచిపోవువారు కలరు. కాని వ్యాకరణము గ్రంథములలో పుట్టలేదు. జనుల నోట పుట్టినది. పొలమునుండి వచ్చిన రైతు "ఎద్దు వచ్చింది, జీతగాడు వచ్చిండు, కూలోళ్లు వచ్చిండ్రు" అని చెప్పునపుడు, ఏ గ్రంథమును ముట్టకయే మూడు సూత్రములను తప్పక పాటించుచున్నాడు. పసిబిడ్డ "నాయిన వచ్చింది" అన్నచో తల్లి నవ్వి వెంటనే దిద్దును. కర్త ఎట్టిదో క్రియయు నట్టిది కావలెనను ఈ నియమమే కర్తృక్రియాన్వయము.

ఈ విషయమును నేడు విచారింపవలసిన అగత్యమేమి? 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఇంట తెలుగు తప్ప వేరెరుగని బిడ్డ బడిలో ఇంగ్లీషున గణితము చదువవలసి వచ్చినది. బ్రతుకుతెరువునకై ముంబయి, పుణె నగరములకు పోయిన పాలమూరు కూలీలు హిందీ నేర్చి వచ్చిరి. ఒక్క కప్పు క్రింద మూడు భాషలు వినబడుచున్నవి. ఈ సీమకు ఇది క్రొత్తయు గాదు. నిజాము కాలమున ఉర్దూ రాజభాష. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే సాగినది. నాటి బాలుడు ఇంట నొక భాష, బడిలో నొక భాష మోసినట్లే నేటి బాలుడును మోయుచున్నాడు. ఆ బరువున కాలు తడబడినపుడు నలుగురు నవ్వుదురు. నవ్వినంతట బిడ్డ నోరు మూతపడును. ఒకమారు మూతపడిన నోరు తెరచుకొనుట కష్టము. కావున ఆ తప్పు ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలిసికొనుట మేలు.

ముందుగా తెలుగు తీరు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున నామములను మహత్తులు, మహతులు, అమహత్తులు అని విభజించెను. పురుషులు మహత్తులు, స్త్రీలు మహతులు, పశుపక్ష్యాదులును జడవస్తువులును అమహత్తులు. ఏకవచనమున "ఆమె వచ్చినది, ఆవు వచ్చినది" అని స్త్రీకిని ఆవునకును ఒకటే క్రియ. బహువచనమునకు రాగానే స్త్రీలు ఆ వరుస విడిచి పురుషుల వరుసలో చేరుదురు: "స్త్రీలు వచ్చిరి, పురుషులు వచ్చిరి, ఆవులు వచ్చినవి." అంతియే కాదు, తెలుగున క్రియ లేని వాక్యమునందును పొందిక యుండును. "నేను రైతును, నీవు రైతువు, మేము రైతులము" అనునపుడు రైతు శబ్దమే కర్తను బట్టి రూపు మార్చుకొనుచున్నది.

హిందీ తీరు వేరు. అచ్చట ప్రాణములేని వస్తువునకును స్త్రీపుంభేదము కలదు. రొట్టె స్త్రీలింగము, మామిడిపండు పుంలింగము. భూతకాలమున సకర్మక క్రియ వచ్చినపుడు కర్తకు "నే" చేరును. చేరగానే క్రియ కర్తను విడిచి కర్మను అనుసరించును. "లడకే నే రోటీ ఖాయీ" అన్నచో తినినవాడు బాలుడే యైనను క్రియ రొట్టెను బట్టి స్త్రీలింగమైనది. "లడకీ నే ఆమ్ ఖాయా" అన్నచో తినినది బాలికయే యైనను క్రియ పండును బట్టి పుంలింగమైనది.

ఇక ఇంగ్లీషు. ఆ భాషయందు పూర్వము క్రియకు చాల ప్రత్యయము లుండెడివి. కాలక్రమమున అవి రాలిపోయినవి. 1611 నాటి ఆంగ్ల బైబిలులో "గోయెత్" వంటి రూపములు కానవచ్చును. నేడు దాని స్థానమున "గోస్" నిలిచినది. వర్తమానమున "ఐ గో, యూ గో, వుయ్ గో, దే గో" అని అంతట ఒకే రూపము. "హి, షి, ఇట్" అనువాని వెంట మాత్రము "గోస్". భూతకాలమున అదియు లేదు. అందరికిని "వెంట్" అనుటయే. పురాణము వినినవారికి ఇది వింత కారాదు. "రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను" అను గ్రాంథిక వాక్యములలో మువ్వురకును ఒక్క "వచ్చెను" చాలుచున్నది గదా! ఉండుటను దెలుపు క్రియ యొక్కటియే "ఆమ్, ఈజ్, ఆర్" అనియు, "వాజ్, వర్" అనియు పాత సంపదను కొంత దాచుకొన్నది.

ఇంత స్వల్పమైన నియమమున తెలుగువారును హిందీవారును తప్పుట ఏల? తెలివి తక్కువై కాదు. తమ ఇంటి న్యాయమును పొరుగింటికి గొనిపోవుటచే.

మొదటిది మర్యాద. "మా నాన్నగారు వచ్చుచున్నారు" అని తెలుగువారును, "పితాజీ ఆ రహే హైఁ" అని హిందీవారును ఒక్క తండ్రికి బహువచనము వాడుదురు. ఆ సంస్కారముతోనే బిడ్డ "మై ఫాదర్ ఆర్ కమింగ్" అనును. తప్పు వ్యాకరణమున నున్నది కాని బిడ్డ పెంపకమున లేదు. ఇంగ్లీషున ఒక్కరికి "ఈజ్" అనుటయే సరి. అది అగౌరవము కాదు. ఇంగ్లీషునకును ఒకప్పుడు ఈ మర్యాద తెలియును. "థౌ" అనునది నీవు, "యూ" అనునది మీరు. మర్యాదకై అందరిని "యూ" అనుచు వచ్చి "థౌ" అను మాటనే వారు పోగొట్టుకొనిరి. అందుచేతనే ఎదుట నున్నవాడు ఒక్కడే యైనను "యూ ఆర్" అనవలసి వచ్చుచున్నది.

రెండవది మాటల వరుస. "పుస్తకముల జాబితా బల్లమీద నున్నది" అనునపుడు పుస్తకములు ముందు నిలిచి, అసలు కర్తయగు జాబితా క్రియవైపు ఉండును. హిందీయందును ఇంతే. ఇంగ్లీషున వరుస తిరుగబడి "ద లిస్ట్ ఆఫ్ బుక్స్" అగును. జాబితా దూరమై, పుస్తకములు క్రియ ప్రక్కకు వచ్చి కూర్చుండును. ప్రక్కనున్న వానిని చూచి "ఆర్" అందురు. కాని కర్త జాబితా. కావున "ఈజ్" అనవలెను. పట్టా ఎవరి పేరనున్నదో చూడవలెను గాని గట్టుమీద నిలుచున్నదెవరో చూడరాదు.

మూడవది లెక్క. "ప్రతి ఒక్కరు వచ్చినారు" అని తెలుగున ఒక్కరనియే బహువచనము వాడుదురు. ఇంగ్లీషున "ఎవ్రివన్ హాజ్ కమ్" అని ఏకవచనమే. పాలు, నీళ్లు తెలుగున నిత్యము బహువచనములు: పాలు విరిగినవి, నీళ్లు ఇంకినవి. ఇంగ్లీషున "మిల్క్, వాటర్" ఏకవచనములు. మరియొకవంక తెలుగున ఒక్కటిగా నున్న కత్తెర ఇంగ్లీషున "సిజర్స్" అని బహువచనమగును. ఏ వస్తువు ఒకటి, ఏది పెక్కు అను నిర్ణయము ఒక్కొక్క భాషకు ఒక్కొక్కటి.

నాల్గవది కర్త నెరుగుట. "ఆమెకు ఇద్దరు కొడుకులు ఉన్నారు" అనునపుడు క్రియ కొడుకులను బట్టి నడచును. ఇంగ్లీషున తల్లియే కర్త: "షి హాజ్ టూ సన్స్." కొడుకులు ఇద్దరైనను పదుగురైనను "హాజ్" మారదు. రొట్టెను బట్టి క్రియను మార్చు హిందీవారును ఈ యొక్క మాట గుర్తుంచుకొనవలెను: ఇంగ్లీషున ఇట్టి వాక్యములలో క్రియ కర్మవైపు చూడదు.

ఐదవది, "హి డజ్ నాట్ గోస్" అనుట. "డజ్" అనునప్పుడే సకారము చెల్లిపోయినది. ఒక్క భూమికి ఒక్క పంటకు శిస్తు రెండుమార్లు కట్టుట యుండదు. "హి డజ్ నాట్ గో" అన్న చాలును. తెలుగునను ఇట్టిదే యొకటి కలదు. "నేను రాలేదు, వాడు రాలేదు, వారు రాలేదు" అనునపుడు ఎవరు రాకున్నను "లేదు" మారుట లేదు.

సకారమును గూర్చి మరియొక్క మాట. నామమునకు చేరిన సకారము పెక్కింటిని దెలుపును. క్రియకు చేరినది ఒక్కనిని దెలుపును. "ద బాయ్ రన్స్, ద బాయ్స్ రన్." ఇట్టి వాక్యములలో సకారము ఒక్కచోటనే నిలుచును. "చిల్డ్రన్, మెన్" వంటి నామములు సకారము లేకయే బహువచనములు. "న్యూస్" సకారాంతమైనను ఏకవచనము. వీనిని విడిగా నేర్వవలెను.

కావున విద్యార్థులు వాక్యము వ్రాసిన పిదప మూడు ప్రశ్నలు వేసికొనవలెను: అసలు కర్త ఎవరు? ఆ కర్త ఇంగ్లీషు లెక్కలో ఒకటా, పెక్కా? సకారము ఇదివరకే చెల్లినదా? ఉపాధ్యాయులు బిడ్డచేత ముందు తెలుగు వాక్యము చెప్పించి, రెండింటి భేదము చూపినచో పాఠము నిలుచును. తెలుగు మాన్పించినచో ఇంగ్లీషు వచ్చునను భ్రమ వలదు. తన వాక్యమున కర్త నెరుగనివాడు పరుల వాక్యమున దానిని వెదకలేడు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపము. "మై ఫాదర్ ఆర్" అని బిడ్డ అన్నప్పుడు నవ్వకుడు. ఆ "ఆర్" అను మాటలో తండ్రిపై గౌరవము కలదు. ఆ గౌరవమును ఉంచి, మాటను మాత్రము దిద్దుడు. సాయంకాలము దీపము పెట్టిన పిదప బిడ్డలను ఈ గ్రంథాలయమునకు పంపుడు. తెలుగు పుస్తకమొక్కటి, ఇంగ్లీషు పుస్తకమొక్కటి ప్రక్కప్రక్కన తెరచి కర్తలను వెదకుట వారికి ఆటవలె నుండును. ఆ ఆటలో గెలిచిన బిడ్డ ఏ నగరమునకు పోయినను, ఏ కార్యాలయమున నిలిచినను, నోరు విప్పి తన మాట తాను చెప్పుకొనగలడు.