పెదనాయన ఆఖరి వేట

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడడానికి ఉద్దండులు ఉన్నారు కనుక, నన్ను మాత్రం ఏదైనా అడవి ముచ్చట చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. 1970లో ఫారెస్టు గార్డుగా చేరి, 2007లో రిటైరయ్యేదాకా నా సర్వీసంతా వేటగాళ్ల వెంటపడడంతోనే సరిపోయింది. అలాంటి నేను ఈరోజు ఒక వేట కథ చెప్పబోతున్నాను. ఆ వేటగాడు మా పెదనాయనే కనుక మీరు మన్నించాలి.

అది 1965 జనవరి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అంతకుముందు రుసుము కడితే అటవీశాఖే వేటకు పర్మిట్లు ఇచ్చేది. మాది గిద్దలూరు దగ్గర పల్లె, అప్పట్లో కర్నూలు జిల్లా. నాకు 16 ఏళ్లు, పెదనాయనకు 62. కుడి మోకాలు వాచి ఉండేది. అయినా సంక్రాంతి వెళ్లగానే నల్లమలకు పోకపోతే ఆయనకు సంవత్సరం గడిచినట్టు ఉండేది కాదు.

ఆయనది రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి. దాంతో గుండు వేస్తే ఏభై గజాల లోపలే నమ్మకం. "ఏభై దాటితే అది వేట కాదురా అబ్బాయ్, జూదం" అనేవాడు. ఆడదాన్ని కొట్టరాదు, పిల్లను కొట్టరాదు, రాత్రిపూట లైటు వేసి కొట్టరాదు. ఈ మాటలు నాకు ఎక్కాల కంటే ముందే వచ్చు.

ఆ ఏడు పర్మిట్ కణితి పోతుకు. కణితి అంటే మన అడవుల్లో ఉండే జింక జాతిలోకెల్లా పెద్దది. బాగా ఎదిగిన పోతు రెండు వందల కిలోలు దాటుతుంది. రాత్రంతా లోయల్లో మేసి, తెల్లవారేసరికి కొండ వాలుకెక్కి పొదల్లో పడుకుంటుంది. చెవి, ముక్కు మహా చురుకు. అనుమానం వస్తే కాలు నేలకు తాటించి ఒక్క అరుపు అరుస్తుంది. అడవంతా మేలుకుంటుంది.

మీటరు గేజి బండిలో దిగువమెట్టకు చేరి, అక్కణ్నుంచి నడిచి చెంచుగూడేనికి పోయాము. అక్కడి చెంచు పెద్ద, పెదనాయన ఇరవై ఏళ్లుగా కలిసి తిరిగినవాళ్లు. మర్నాడు నాలుగు గంటలకే బయల్దేరాము. నల్లమల వాలులు మీలో కొందరికి తెలుసు. పలకరాళ్లు కాలు పెడితే జారతాయి, జారితే చప్పుడు. వెదురు పొదలు దారి ఇవ్వవు. పెదనాయన గుడ్డలో కట్టిన బూడిదను చిటికెడు వదిలి గాలి చూసేవాడు. తెల్లవారుజామున గాలి కొండ మీంచి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక ఎదురు తిరుగుతుంది. కనుక ఎండ రాకముందే జంతువు కన్నా కింద ఉండాలి, ఎండ వచ్చాక పైన ఉండాలి. అందుకని మొదట లోయ వెంబడి పోయి, తరువాత పక్క వాలు మీదుగా పైకెక్కాము. ఆ ఎక్కడానికి మాకు రెండు గంటలు పట్టింది. పెదనాయన మోకాలు పట్టుకుని నాలుగుసార్లు ఆగాడు గానీ, నోరు తెరిచి అమ్మా అనలేదు.

ఎండ పొడ పడుతుండగా కనబడింది. మద్దిచెట్టు కింద, మాకు అడ్డంగా నిలబడి ఉంది. కొమ్ముకు మూడేసి శాఖలు, మెడ నిండా జూలు. పెదనాయన తుపాకి ఎత్తాడు. చెంచు పెద్ద ఆయన మోచెయ్యి తాకి తల అడ్డంగా ఊపాడు. పెదనాయన వినలేదు. తుపాకి పేలింది. కణితి వంగి, లేచి, వాలుకు అడ్డంపడి పోయింది.

ముగ్గురం అక్కడికి పోయాము. నెత్తురు నల్లగా ఉంది, అందులో నమిలిన గడ్డి పచ్చన. నురుగుతో ఎర్రగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, జంతువు దగ్గరలోనే పడిపోతుంది. ఇలా ఉంటే కడుపులో తగిలినట్టు. వెంటనే వెంటపడితే బెదిరి మైళ్లకొద్దీ పోతుంది. ఆగాలి.

పెదనాయన నాతో, "మేము నిలబడ్డ చోటి నుంచి ఇక్కడికి అడుగులు లెక్కపెట్టుకొని రా" అన్నాడు. పోయి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఎనభై రెండు. చెప్పాను. ఆయన రాయి మీద కూర్చుని మూడు గంటలు మాట్లాడలేదు.

ఆపైన మొదలైంది అసలు కష్టం. చెంచు పెద్ద ముందు, నేను వెనక, కర్ర పట్టుకుని పెదనాయన. ఒకచోట ఆకు మీద ఒక చుక్క, తరువాత ఏభై అడుగులు ఏమీ లేదు. గిట్ట జారిన రాయి, ఒరిగిన గడ్డి, ఇవే దారి. మధ్యాహ్నానికి ఒక గుట్ట దాటి రెండో గుట్ట ఎక్కాము. సాయంత్రానికి జాడ తప్పింది. చెంచు పెద్ద, "సామీ, నీ కాలు బాగలేదు. నువ్వు గూడేనికి పో, రేపు నేను చూస్తా" అన్నాడు. పెదనాయన, "కొట్టింది నువ్వు కాదు కదప్పా" అన్నాడు.

ఆ రాత్రి ఒక చరియ కింద నెగడు వేసుకుని, మూటలోని జొన్నరొట్టెలు మూడు తిని పడుకున్నాము. నాకు నిద్ర పట్టలేదు. చలి ఒకటి, కింద లోయలో ఆ జంతువు ఇంకా బతికి ఉందేమోనన్న ఆలోచన ఒకటి. పెదనాయన కూడా మేలుకునే ఉన్నాడు. అప్పుడు చెప్పాడు. "ఏడాదిగా కుడికన్ను మసక. పొర వచ్చింది. ఇంట్లో చెబితే తుపాకి దాచేస్తారని చెప్పలేదు. నా లెక్కకు అది ఏభై గజాలే."

దెబ్బతిన్న జంతువు నీళ్లకే పోతుందని తెల్లవారి లోయలోకి దిగాము. దిగడం అంటే కూర్చుని జారడమే. అడుగున ఒక మడుగు. దాని పక్కన పోతు పడుకుని ఉంది. మమ్మల్ని చూసి ముందుకాళ్ల మీద లేవబోయింది, లేవలేకపోయింది. పెదనాయన పది అడుగుల దూరానికి పోయి ఒక్క గుండుతో ముగించాడు. తుపాకి కింద పెట్టి, ఆ జంతువు మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. మెచ్చుకోవడానికి మాకు మాట రాలేదు, ఓదార్చడానికీ రాలేదు.

గూడెం నుంచి పదిమంది వచ్చి మాంసం మోసుకుపోయారు. తునకలు చేసి ఎండబెట్టుకున్నారు. మేము ఏమీ తెచ్చుకోలేదు. కొమ్ములు కూడా పెదనాయన వద్దన్నాడు. వారం తిరక్కుండా గిద్దలూరు పోయి, తుపాకి అప్పగించి లైసెన్సు రద్దు చేయించుకున్నాడు. ఆ తరువాత కంటికి ఆపరేషన్ జరిగి చూపు బాగైనా మళ్లీ తుపాకి అడగలేదు. 1974లో పోయాడు.

ఐదేళ్ల తరువాత నేను ఈ శాఖలో చేరడానికి ఆ రాత్రే కారణమని చెబితే అతిశయోక్తి కాదు. ఆ అడవి ఎన్నో మార్పులు చూసింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. 1991 సవరణతో లైసెన్సు వేటకు దారి మూసుకుపోయింది. కణితి ఉంటేనే పులి ఉంటుంది. గస్తీలో కణితి అరుపు వినబడినప్పుడల్లా నాకు ఆ మడుగు గుర్తుకొచ్చేది.

ఇది మన సభలో ఎందుకు చెప్పానంటే, నాకూ వయసు మీదపడింది. కిందటి నెల బజారులో స్కూటరు మీద పోతూ, దూరంగా ఉన్నాడనుకున్న కుర్రవాడిని రాసుకుంటూ పోయాను. దేవుడి దయవల్ల గీరుకుపోవడంతో సరిపోయింది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, వాడే అడ్డం వచ్చాడని. మూడో రోజు ఆ ఎనభై రెండు అడుగులు గుర్తొచ్చాయి. తాళంచెవి మనవడికిచ్చేశాను. ఈరోజు ఈ సభకు ఆటోలో వచ్చాను.

మనం మానుకోవాల్సిన పని ఏదో మనకు ఎవరూ చెప్పరు. చెప్పినా, మోచెయ్యి తాకినా, వినము. పెదనాయన ఒక్కరోజు ఆలస్యంగా విన్నాడు. కానీ, ఆ ఆలస్యానికి బాకీ ఇంకొకరి చేత తీర్పించలేదు. వాచిన మోకాలుతో తానే నడిచి తీర్చాడు.