మేలు చేసే మంట

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ - ఏ ఇంట్లోనైనా పొయ్యి వెలగందే పూట గడవదు. అదే నిప్పు కొంగుకు అంటుకుంటే? ప్రాణం పోతుంది. నిప్పు ఒకటే, వాడే తీరు వేరు.

అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున కాజీరంగా అడవి ఉంది. అక్కడ గడ్డిమైదానాలు ఎక్కువ. 2022లో లెక్కపెడితే 2,613 ఒంటికొమ్ము ఖడ్గమృగాలు తేలాయి. గడ్డే వాటికి కూడు. గడ్డిని అలాగే వదిలేస్తే ముదిరిపోతుంది, చెట్లు మొలిచి కమ్మేస్తాయి. అందుకే చలికాలంలో అటవీ సిబ్బంది ఎండుగడ్డిని కాలుస్తారు. నేలలో వేళ్లు బతికే ఉంటాయి. మళ్లీ లేత చిగురు వస్తుంది.

అంతా ఒకేసారి కాలిస్తే చిన్న జీవాలు ఎక్కడ దాక్కోవాలి? కొంత కాల్చాలి, కొంత వదలాలి. కాలం, హద్దు, కాపలా ఉంటేనే మంట మేలు చేస్తుంది.

గల్లీలో చెత్తకు పెట్టే మంట అలాంటిది కాదు. ప్లాస్టిక్ పొగ పిల్లల ఊపిరికి చేటు. అక్కడ అగ్గిపుల్ల గీయొద్దు, గీయనివ్వొద్దు!