ఉత్తర వియత్నాంపై బాంబుదాడులు: ఒక బౌద్ధ విచారణ

 

మన అధ్యయన గోష్ఠులలో యువ సభ్యులు తరచుగా వేసే ప్రశ్న ఒకటి ఉన్నది. 1975 తరువాత వియత్నాం కమ్యూనిస్టు ప్రభుత్వం స్వతంత్ర బౌద్ధసంఘాన్ని అణచివేసింది కదా, అటువంటి రాజ్యంపై అమెరికా కురిపించిన బాంబులను మనమెందుకు తప్పుపట్టాలి అని. ఇది కసరి కొట్టివేయదగిన ప్రశ్న కాదు.

సమర్థకుల వాదాన్ని ముందుగా దాని పూర్తి బలంతోనే విందాం. అడవిదారుల గుండా హనోయ్ దక్షిణానికి సైన్యాన్ని, ఆయుధాలను పంపిన మాట నిజం. 1968లో హ్యూ నగరం చేజిక్కినప్పుడు కమ్యూనిస్టు దళాలు నిరాయుధులైన పౌరులను పెద్దసంఖ్యలో హతమార్చిన మాటా నిజం. దక్షిణాన్ని కాపాడాలంటే ఉత్తరాన ఉన్న మూలాన్నే కొట్టాలన్నది వారి తర్కం. హో చి మిన్‌ను ఆరాధించే మన మిత్రులు కొందరు ఈ సంగతులను దాటవేస్తారు. అది సమ్యక్ దృష్టి అనిపించుకోదు.

అయితే 1965 మార్చి నుండి 1968 అక్టోబరు చివరి వరకు సాగిన దాడుల ఉద్దేశమేమిటి? వంతెనలను, రహదారులను ధ్వంసం చేయడం ఒకటి. క్రమక్రమంగా బాధను పెంచి హనోయ్ మనోబలాన్ని విరవడం మరొకటి. 1966లోనే అమెరికా రక్షణమంత్రి మెక్‌నమారా కోరికపై శాస్త్రజ్ఞుల బృందం పరిశీలించి, దక్షిణానికి సాయం పంపే శక్తి ఈ బాంబులవల్ల కొలవదగినంతగా తగ్గలేదని తేల్చింది. మరుసటి ఏడు ఆగస్టులో సెనేట్ ఉపసంఘం ముందు మంత్రి స్వయంగా ఆ పరిమితులను వివరించారు. దాడులు మరో ఏడాదికి పైగా సాగాయి. ఫలించదని తెలిసిన తరువాత కూడా కొనసాగించిన హింసకు రక్షణ అనే పేరు ఎలా తగును?

1972 డిసెంబరు సంగతి ఇంకా స్పష్టం. అక్టోబరులోనే ఒప్పందపు ముసాయిదా సిద్ధమైంది. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ అంగీకరించలేదు, చర్చలు తెగిపోయాయి. నిక్సన్ ఆజ్ఞపై డిసెంబరు 18 నుండి 29 వరకు బి-52 విమానాలు హనోయ్, హైఫాంగ్ నగరాల పరిసరాలపై విరుచుకుపడ్డాయి. క్రిస్మస్ నాడు మాత్రం విరామం! కరుణ తెలియని మనస్సులైతే ఆ విరామమే ఉండేది కాదు. తెలిసీ మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడమే నన్ను కలవరపెడుతుంది. 22న బాచ్ మై ఆసుపత్రి కూలింది; గురి సమీపంలోని విమానస్థావరమని వివరణ ఇచ్చారు. 26 రాత్రి ఖామ్ థియెన్ వీధి నేలమట్టమైంది. రెండు నగరాలలో 1,600 మందికి పైగా పౌరులు మరణించారని హనోయ్ లెక్క. బాంబులే ఉత్తరాదివారిని మళ్ళీ చర్చలకు రప్పించాయంటారు. రప్పించి ఉండవచ్చు. కాని 1973 జనవరి 27న సంతకాలైన ఒప్పందం ముఖ్యాంశాలలో అక్టోబరు నాటిదే. ఉత్తర సైన్యం దక్షిణాన నిలిచిపోవడానికి అందులోనూ అడ్డులేదు.

సంయుత్త నికాయంలో యోధాజీవుడనే గ్రామణి, పోరులో మరణించిన యోధుడు స్వర్గానికి పోతాడా అని భగవానుని అడుగుతాడు. ఆ ప్రశ్న వద్దని భగవానుడు రెండుసార్లు వారిస్తాడు. మూడవసారి, చంపాలనే తలంపుతో కలుషితమైన చిత్తానికి స్వర్గం లేదని చెబుతాడు. ఎదుటి పక్షం దుష్టమైనదా కాదా అన్న విచారణే అక్కడ లేదు. చేతనయే కర్మ అన్న సిద్ధాంతానికి అర్థమిదే. ఎంతో ఎత్తున ఎగిరే విమానం నుండి కింది మనిషి ముఖం కనబడదు. అంతమాత్రాన చేతన తొలగిపోదు. అది ఆజ్ఞ రాసిన గదిలోనే పుట్టింది.

ఇక పీడితులైన భిక్షువుల మాట. స్వతంత్ర బౌద్ధసంఘ నాయకుడు తిచ్ క్వాంగ్ డో కమ్యూనిస్టు పాలనలో చెరను, ప్రవాసాన్ని అనుభవించారు. ఆ అన్యాయాన్ని మనం ఖండించవలసిందే. కాని అది జరిగినది బాంబులు ఆగిన తరువాత. ముందటి చంపుడును అది వెనుకకు పోయి శుద్ధి చేయలేదు. తిచ్ నాట్ హాన్ 1966లో అమెరికాకు వెళ్ళి, బాంబులు ఆపమని వాషింగ్టన్‌లోనే కోరారు. ఆ నేరానికి సైగాన్ పాలకులు ఆయనను తిరిగి రానివ్వలేదు. 1975 తరువాత హనోయ్ పాలకులూ రానివ్వలేదు. 2005లో మాతృభూమిపై మళ్ళీ అడుగుపెట్టేనాటికి ఆయన వయస్సు 78.