ఎదుటి జట్టు లేనిదే ఆట లేదు

ఆటలో ఆడువానికంటె చూచువానికే ఆయాసము ఎక్కువ అనిన, వినుటకు వింతగా ఉండవచ్చును. కాని పొరుగూరి జట్టుతో మన ఊరి జట్టు చివరి పోటీకి తలపడిన సాయంకాలము మైదానపు గట్టున నిలిచినవారిని అడిగి చూడండి. ఆటగానికి కాళ్ళున్నవి, బంతి ఉన్నది. తన ఆందోళనను అతడు పరుగుగా మార్చుకొనగలడు. చూచువానికి ఆ వీలు లేదు. కేకయే అతని పరుగు, చప్పట్లే అతని బంతి. ఆ కేక ఎక్కడ ఆగవలెనో తెలియనప్పుడు ఏమి జరుగునో చెప్పుకొనుటయే నేటి ప్రసంగ విషయము.

పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతముల వారికి ఫుట్‌బాల్ కంటె క్రికెట్టు, కబడ్డీ, వాలీబాలు ఎక్కువ పరిచయము. అయినను అభిమానపు చిక్కు వారికి తెలియనిది కాదు. కుప్పము ఒకవైపు కర్ణాటకమునకు, మరొకవైపు తమిళనాడునకు ఆనుకొని ఉన్నది. పుంగనూరు వారికి బస్సు లెక్కన బెంగుళూరు దగ్గర, భాష లెక్కన హైదరాబాదు దగ్గర. 2019 నుండి కొన్ని సంవత్సరములు ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాదు పేరుతో ఒక జట్టు ఉండెడిది. అది బెంగుళూరు జట్టుతో తలపడిన నాడు ఈ సీమవాడు ఎవరి పక్షము వహించవలెను? సంతలో బేరము ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగియు చోట, మనవాడు, పరాయివాడు అను గీత ఎంత పలుచనిదో వేరుగా చెప్పవలసిన పని లేదు. అయినను ఆట మొదలైన వెంటనే ఆ గీత గోడయై లేచును.

ఈ ఉద్రేకము కేవలము మాటల వ్యవహారము కాదు. 2006లో జర్మనీలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు, మ్యూనిచ్ నగర పరిసరములలో గుండె జబ్బుతో అత్యవసర చికిత్స అవసరమైనవారి లెక్కను అక్కడి వైద్యులు సేకరించి 2008లో ప్రకటించినారు. తమ దేశపు జట్టు ఆడిన దినములలో ఆ సంఖ్య మామూలు దినములకంటె 2.66 రెట్లు ఉన్నది. పురుషులలో మూడు రెట్లు దాటినది. అందును ఆట ఆరంభమైన మొదటి రెండు గంటలలోనే ఎక్కువ. బంతిని తాకనివాని గుండె ఆ విధముగా కొట్టుకొన్నది. కావున అభిమానిని చూచి నవ్వుట సులభమే గాని న్యాయము కాదు. అతని బాధ నిజమైనది. ఆ బాధను ఎవరిమీద చూపుచున్నాడన్నదే ప్రశ్న.

మన దేశములో ఈ ప్రశ్నకు జవాబు వెదకవలెనన్న కలకత్తా నగరమునకు పోవలెను. అక్కడ మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టినది. 1911లో ఆ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమువారి జట్టును 2-1 గోళ్ళతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినప్పుడు దేశమంతయు పొంగిపోయినది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లో పుట్టినది. ఈ రెండును లీగు పోటీలో మొదటిసారి 1925లో తలపడినవి. 1947లో దేశవిభజన జరిగి, తూర్పు బెంగాలు నుండి లక్షల కుటుంబములు ఇల్లు వాకిలి విడిచి వచ్చినప్పుడు, వారిలో అనేకులకు ఆ క్లబ్బు పేరే పోయిన ఊరికి గుర్తుగా నిలిచినది. నాటినుండి ఆ పోటీ రెండు జట్లది మాత్రమే గాక, రెండు యాసల, రెండు వంటిళ్ళ పోటీ అయినది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన నాడు ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిచిన నాడు రొయ్య వండుకొనుట అక్కడి ఆచారము. ఆ ఇలిశయే మన గోదావరిలో పులస.

ఈ రెండు శిబిరముల నడుమ మన హైదరాబాదువారు నిలిచినారన్నది మనము మరువరాని విషయము. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1961లో ఆ జట్టుకు నాయకుడైనాడు. సయ్యద్ నయీముద్దీన్ రెండు క్లబ్బులకును ఆడినాడు, రెండింటికిని శిక్షకుడుగా పనిచేసినాడు. మహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, పిమ్మట మోహన్ బగాన్‌కును ఆడినాడు. కలకత్తా అతనిని ప్రేమతో బడే మియా అని పిలిచినది. 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమముగా నిలిచిన ఆటలో ఒక గోలు హబీబ్ చేసినదే. అతని తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ పక్షమున ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన 17 సెకండ్లకే గోలు చేసినాడు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూసినప్పుడు రెండు క్లబ్బుల అభిమానులును దుఃఖించినారు. చొక్కా రంగు మారినను ఆటగాడు మారలేదు. నిన్న తిట్టిన నోరే నేడు జేజేలు పలికినది. అట్లయిన ఆ తిట్టు ఎవరికి తగిలినట్లు? మనిషికా, చొక్కాకా?

ఈ ప్రశ్న వేసికొనని దినము ఒకటి వచ్చినది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్లకు లీగు పోటీ జరిగినది. మైదానములో ఆట మొరటుగా సాగినది. దాని వేడి గ్యాలరీలకు పాకినది. ఉభయ పక్షముల వారును కలిసి కూర్చున్న చోట కొట్లాట చెలరేగి, తొక్కిసలాటగా మారి 16 మంది ప్రేక్షకులు మరణించినారు. వారు యుద్ధమునకు పోయినవారు కారు, ఆట చూడబోయినవారు. వారికొరకు ఇండ్లలో అన్నము మూతపెట్టి ఎదురుచూచినవారికి ఆ ఆటలో ఎవరు గెలిచినారన్న మాటతో పని లేకపోయినది. నిజమునకు ఆనాడు ఎవరును గెలువలేదు. కలకత్తా ఆ తేదీని ఫుట్‌బాల్ ప్రేమికుల దినముగా పాటించుచు రక్తదానము చేయుట ఆచారముగా పెట్టుకొన్నది. రక్తము చిందిన దినమున రక్తము దానమిచ్చుటకంటె తగిన ప్రాయశ్చిత్తము లేదు.

అట్లని ఉద్రేకము తగ్గినదా అనిన, లేదు. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియములో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో ఈ జట్లే మరల తలపడినవి. ఓడినవారు ఇంటికి, గెలిచినవారు ఫైనల్‌కు. ప్రేక్షకులు 1,31,781 మంది. ఆటకు ముందు మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లను విరిచి పరిహాసమాడినాడు; ఒమొలో అను ఆటగానిని ఆమ్లెట్ అన్నాడు. ఈస్ట్ బెంగాల్ శిక్షకుడు పి.కె. బెనర్జీ ఆ మాటలనే తన ఆటగాళ్ళకు పౌరుషముగా అందించినాడు. భైచుంగ్ భుటియా మూడు గోళ్ళు చేయగా ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచినది. ఎగతాళికి జవాబు గోలుతో వచ్చినది, రాయితో కాదు. అభిమానము బ్రతుకుటకు ఇంతకంటె మంచి త్రోవ కనిపించదు.

2024 ఆగస్టు 18న మరొక వింత జరిగినది. కలకత్తాలోని ఆర్.జి. కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలిని అత్యాచారము చేసి చంపిన ఘోరముపై నగరము అట్టుడుకుచుండగా, ఆనాడు జరుగవలసిన డ్యూరాండ్ కప్ పోటీని భద్రతా కారణముల పేరున రద్దు చేసినారు. ఆట లేకపోయినను అభిమానులు స్టేడియము వద్దకు వచ్చినారు. ఎరుపు పసుపు చొక్కాలవారును, ఆకుపచ్చ మెరూను చొక్కాలవారును కలిసి ఆ వైద్యురాలికి న్యాయము కావలెనని నినదించినారు. ఒకరినొకరు భుజములకెత్తుకొన్నారు. పోలీసు లాఠీ దెబ్బలు కూడ కలిసియే తిన్నారు. నూరేండ్లుగా ఎదురెదురుగా నిలిచినవారు ఒకరినొకరు ఎంత బాగుగా ఎరుగుదురో ఆనాడు లోకమునకు తెలిసినది.

ఇక హైదరాబాదు జట్టు సంగతి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియములో జరిగిన ఫైనల్‌లో గ్యాలరీలు కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు రంగుతో నిండినవి. 88వ నిమిషమువరకు హైదరాబాదు వెనుకబడియే ఉన్నది. అప్పుడు సాహిల్ తవోరా గోలుతో 1-1 అయినది. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా 3-1తో కప్పు మనవారిదైనది. మరుసటి సంవత్సరము మార్చి 13న కలకత్తాలో సెమీఫైనల్ రెండవ ఆట కూడ గోలు లేకుండ ముగిసి, పెనాల్టీలలో మోహన్ బగాన్ 4-3తో హైదరాబాదును ఓడించినది. ఆ రాత్రి అన్నము ముట్టనివారు మన ఇండ్లలోను ఉండియుందురు. అయితే 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. నేడు ఆ అభిమానిని అడుగండి: మరల ఒకసారి మోహన్ బగాన్ చేతిలో ఓడిననైనను సరే, ఓడుటకు ఒక జట్టున్న చాలునని అనును. ఓటమికంటె పెద్ద శూన్యము ఉన్నదని, అది ఆట లేకపోవుటయేనని అతనికి తెలిసినది.

కావున మన ఊళ్ళలో పోటీలు పెట్టు పెద్దలు రెండు మూడు విషయములు ముందే చూచుకొనవలెను. రెండు ఊళ్ళకును చెందని రెఫరీని, ఉభయులును ఒప్పుకొన్నవానిని, ఆటకు ముందే నిర్ణయింపవలెను. రెండు పక్షముల వారికి వేర్వేరుగా కూర్చుండుటకు చోటు, జనము బయటికి పోవుటకు వెడల్పైన దారి ఉండవలెను. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. 1980లో 16 కుటుంబములు చెల్లించిన వెలకు ఇవి సాటియే కావు.

ఇంటిలో చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది తల్లిదండ్రులది. ఓడి వచ్చిన పిల్లవానిని ఎగతాళి చేయవద్దు, అంపైరును తిట్టి ఓదార్చవద్దు. కాళ్ళు కడుగుకొని భోజనము చేసిన పిమ్మట, ఎదుటి జట్టులో బాగుగా ఆడినవాడు ఎవరురా అని ఒక్క ప్రశ్న అడుగండి. మొదట ముఖము ముడుచుకొనును. తరువాత ఒక పేరు చెప్పును. ఆ పేరు చెప్పగలిగిననాడు అతడు ఆటను ప్రేమించుట నేర్చుకొన్నట్లే.