బంగారు గడప - రసాయన విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



హైదరాబాదు నగరమున బషీర్‌బాగులో నిజాం కళాశాల గలదు. 1887లో ఏర్పడిన ఆ విద్యాలయమునకు పూర్వము హైదరాబాదు కళాశాలకు ప్రధానాచార్యుడై పునాదులు వేసినవాడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. వంగదేశమున జనించి, ఎడింబరోలో రసాయన శాస్త్రమునందు డాక్టరు పట్టము వడసిన విద్వాంసుడు. సరోజినీ నాయుడు ఆయన తనయయే.

అంతటి శాస్త్రజ్ఞునకు బంగారము చేయవలెనను తపన యుండెడిదని ఆ కుమార్తెయే వ్రాసినది. వేమయోగి కథలలో వినవచ్చు హేమతారక విద్య వంటిదే యిది. ఆ బంగారము చేకూరలేదు. పొయ్యి మీద ద్రవ్యముల కూర్పు మారునే గాని మూలకము మారదు. మరియొక లోపము కూడ రసవాదమున గలదు. రసవాదులు తమ యోగములను గుప్తముగా దాచుకొనెడివారు. అందుచే ఒకని పొరపాటు వేరొకనికి పాఠము కాలేదు.

బషీర్‌బాగునకు చేరువనే, అబిడ్సులో నాంపల్లి స్టేషనునకు పోవు దారిని ఆ కుటుంబము వారి గృహము గలదు. 1905లో వెలువడిన సరోజినీదేవి కవితా సంపుటి పేర అది గోల్డెన్ థ్రెషోల్డ్, అనగా బంగారు గడప, అని ప్రసిద్ధి చెందినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆ గడపలోనే ఆరంభమై, పిదప గచ్చిబౌలికి తరలినది.

ఆ విశ్వవిద్యాలయమునకు 1977లో ఆచార్యుడై వచ్చినవాడు గోవర్ధన్ మెహతా. 1943లో జోధ్‌పూరులో జనించి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో బోధించి యిచ్చటికి వచ్చెను. 1978లో భట్నాగర్ పురస్కారము నందెను. ఆయన శాస్త్రము కర్బన రసాయనము, అనగా కర్బన సమ్మేళనముల విద్య; చెట్టు చేమలు, జీవరాశి తమ దేహములలో కల్పించుకొను ద్రవ్యములును అందు చేరును.

కొన్ని శిలీంధ్రములలోను, సముద్రమునందలి మెత్తని పగడపు జీవులలోను విచిత్రమైన అణువులు గలవు. అయిదేసి కర్బన పరమాణువులు గల వలయములు మూడు, గోడలు కలిసిన మూడు గదులవలె, ఒకే వరుసలో నుండును. ప్రకృతి వీనిని మిక్కిలి స్వల్పముగా నిచ్చును. మెహతా బృందము వలయాకారము గల రెండు చిన్న అణువులను జతపరచి, వానిపై కాంతి ప్రసరింపజేసి పంజరము వంటి నిర్మాణమును సాధించెను. పిమ్మట తీవ్రమైన వేడిచే ఆ పంజరపు బంధములను సడలింపగా మూడు గదుల కట్టడము తేలినది. ఈ మార్గమున హిర్సుటీను, కోరియోలిను, కాప్నెల్లీను అను మూడు సహజ ద్రవ్యములను నిర్మించి, 1986లో అమెరికా రసాయన సంఘ పత్రికలో సమగ్రముగా ప్రకటించిరి. ఆ వ్యాసకర్తలలో మూర్తి, రెడ్డి అను తెలుగు పేర్లు కానవచ్చుట మనకు సంతోషము.

మెహతా ప్రకటించిన పత్రములు 400కు పైబడినవి. ఆయన 1994 నుండి 1998 వరకు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, పిదప బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడై, 2005లో లండను రాయల్ సొసైటీ సభ్యుడాయెను. అయితే పత్రముల లెక్కయే ఘనతకు కొలత యనరాదు. చిఠాలో పద్దులు పెరిగినంత మాత్రమున ఆస్తి పెరుగదు. మరియొకరు సరిచూచినప్పుడు నిలిచినదే పద్దు. పరిశోధన పత్రము కూడ నట్టిదే. దూరదేశమున నున్న అపరిచితుడు దానిని చదివి, అదే విధమున చేసి చూచి, ఫలించినచో తన వ్యాసమున ఆ పేరు స్మరించును. గ్రంథాలయపు రిజిస్టరులో ఒక పుస్తకమునకు ఎదురుగా చేరు పాఠకుల సంతకముల వంటివి ఆ స్మరణలు. అయినను సంతకములు తక్కువైన మంచి పుస్తకములు లేకపోలేదు. అఘోరనాథుని పేర పత్రముల రాశి లేదు. ఆయన నాటిన విద్యయే ఆయన పత్రము.

ఒక గడపలో బంగారమునకై వెదకిరి, దొరకలేదు. ఆ గడపలోనే పుట్టిన విద్యాలయమున తెలిసినదానిని నలుగురికి పంచిరి, అది పెరిగినది. ఇరువది యైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న పనియు నదియే. కథల పుస్తకములతో పాటు శాస్త్ర గ్రంథముల బీరువా నొకదానిని గ్రామస్థులు సమకూర్చినచో, రేపటి వ్యాసకర్తల పేర్లలో ఈ యూరి బిడ్డ పేరును చదువు భాగ్యము కలుగవచ్చును.

స్వస్తి.