గ్రేస్‌లాండ్: అట్ట వెనుక పేర్లు



ఇది మా మాస్టారి స్మారకోపన్యాసం. మాస్టారి పాండిత్యం గురించి, ఆయన రాసిన పుస్తకాల గురించి ఆహ్వానపత్రికలో ఉంది, మీరు చదివే ఉంటారు. అందులో లేనిది ఒకటి చెబుతాను. ఆయన దగ్గర ఎవరడిగినా క్యాసెట్ దొరికేది, దాని అట్ట మాత్రం దొరికేది కాదు. "పాటదేముందిరా, రేపు రేడియోలో వస్తుంది. ఎవరు వాయించారో రాసిన కాగితం పోతే మళ్లీ రాదు" అనేవారు. ఆయన విద్వత్తు నాకు అబ్బలేదు గానీ ఆ పిసినారితనం బాగా వంటబట్టింది.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'ఎల్లలు లేని సంగీతం'. ఆ మాటతో నాకు పాత పేచీ ఉంది. ఏ సభలో ఎవరు ఆ మాటన్నా నేను లేచి నిలబడతానని ఇక్కడున్న చాలామందికి తెలుసు. అయినా ఇదే అంశం ఇచ్చారంటే కావాలనే ఇచ్చారనుకుంటున్నాను.

ఉదాహరణగా అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ ఆల్బమ్ 'గ్రేస్‌లాండ్'ను తీసుకుంటాను. కథ తెలిసిందే కాబట్టి గబగబా దాటేస్తాను. దక్షిణాఫ్రికా టౌన్‌షిప్పుల అకార్డియన్ పాటల క్యాసెట్ ఒకటి సైమన్ చేతిలో పడింది. ఆయన 1985లో జొహానెస్‌బర్గ్ వెళ్లి అక్కడి వాద్యకారులతో రికార్డింగులు చేశాడు. 1986లో ఆల్బమ్ వచ్చింది. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. వర్ణవివక్ష ప్రభుత్వాన్ని సాంస్కృతికంగా వెలివేయాలని ఐక్యరాజ్యసమితి 1980లోనే తీర్మానించింది కనుక, ఆయన ఆ వెలిని భంగపరిచాడని పెద్ద రభస జరిగింది. జెర్రీ డామర్స్, బిల్లీ బ్రాగ్ లాంటి బ్రిటిష్ సంగీతకారులు తప్పుపట్టారు. దేశబహిష్కృతులైన హ్యూ మసెకెలా, మిరియమ్ మకేబా మాత్రం ఆయనతో కలిసి ఊరూరా కచేరీలు చేశారు. 2012 నాటి డాక్యుమెంటరీలో సైమన్, నాటి ఉద్యమకారుడు డాలీ టాంబో ఎదురెదురుగా కూర్చుని ఇదంతా మళ్లీ తవ్వుకున్నారు. ఇక నేను తవ్వేదేమీ లేదు.

నా తగాదా వేరే. ఆ ఆల్బమ్ మనుషుల్ని కలిపింది, నిజమే. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో అనే జులూ గాయక బృందం పేరు మనదాకా వచ్చిందంటే ఆ పుణ్యమే. అయితే ఆ కలయికలో ఎవరు యజమాని, ఎవరు కూలి? ఇది అడిగితే "సంగీతంలో లెక్కలేమిటండీ" అని నొసలు చిట్లిస్తారు.

'యూ కెన్ కాల్ మీ ఆల్' పాటనే చూడండి. అందులో బాస్ గిటార్ ఒక్కసారి విరుచుకుపడి ఆగిపోయే చోటుంది. పదాలు గుర్తులేనివాళ్లకూ ఆ ముక్క గుర్తుంటుంది. వాయించినవాడు బకిథి కుమాలో. ఆయన వాయించినదాన్నే టేపు వెనక్కి తిప్పి, రెండో సగంగా అతికించినవాడు ఇంజనీరు రాయ్ హాలీ. పాట రచయితగా ఉన్నది ఒకే పేరు, పాల్ సైమన్. ఎదుటి పక్షం వాదన నాకు తెలుసు. సైమన్ న్యూయార్క్ యూనియన్ రేటుకు మూడింతలు ఇచ్చాడంటారు. ఇచ్చాడు. 'హోమ్‌లెస్'లో జోసెఫ్ షబలాలాకు, 'గంబూట్స్'లో అసలు వరస కట్టినవాళ్లకు సహరచయితలుగా చోటిచ్చాడంటారు. అదీ నిజమే, నాటి పాప్ ప్రపంచంలో అది అరుదు కూడా. కానీ కూలి వేరు, వాటా వేరు. కూలి ఆ పూటతో సరి. వాటా పాట మోగినన్నాళ్లూ వస్తుంది, పిల్లలకూ వస్తుంది. ఆల్బమ్ చివరి పాట తాము కట్టిందేనని అమెరికాలోని లాస్ లోబోస్ బృందం బాహాటంగానే అంది, సైమన్ కాదన్నాడు. పేరు మాత్రం ఆయనదే నిలిచింది. యూనియన్లూ లాయర్లూ ఉన్న ఊళ్లోనే ఇలా ఉంటే సొవెటో టౌన్‌షిప్పులో వాళ్ల సంగతి ఊహించుకోండి.

సంగీత పరిశోధకుల్లో స్టీవెన్ ఫెల్డ్ 1988లోనే ఈ యాజమాన్యం సంగతి ఎత్తాడు. ఈ ఆల్బమ్ మీద 1989లో చార్ల్స్ హామ్, 1990లో లూయీస్ మైంట్యెస్ రాశారు. మైంట్యెస్ వ్యాసం అందరికంటే మెలకువగా రాసింది. ఈ సహకారాన్ని దక్షిణాఫ్రికాలోనే ఎవరు నిలబడ్డ చోటునుంచి వాళ్లు ఒక్కో రకంగా అర్థం చేసుకున్నారని ఆమె చూపించింది. ఆ వ్యాసాన్ని పట్టుకుని, "చూశారా, ఒక నిజమంటూ లేదు" అని మన విశ్వవిద్యాలయం పెద్ద ఒకాయన నాకు జవాబు రాశారు. అర్థాలు ఎన్నయినా ఉండవచ్చు. రాయల్టీ చెక్కు మీద పేరు ఒకటే ఉంటుంది.

ఆయనదే ఇంకో వాదన: టౌన్‌షిప్ సంగీతమే అమెరికన్ జాజ్, చర్చి పాట, జులూ వరస కలిసిన మిశ్రమం, కాబట్టి అది ఎవరి సొత్తూ కాదు. దీనికి జవాబు జులూ గాయకుడు సాలొమన్ లిండా. 1939లో జొహానెస్‌బర్గ్‌లోని గాల్లో స్టూడియోలో ఆయన 'ఎంబూబే' పాడాడు. హక్కులన్నిటికీ ముట్టింది పది షిల్లింగులు. ఆ రికార్డు జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ ద్వారా అమెరికన్ గాయకుడు పీట్ సీగర్‌కు చేరింది. 1961లో టోకెన్స్ బృందం దాన్నే 'ద లయన్ స్లీప్స్ టునైట్'గా మార్చి ప్రపంచమంతా మోగించింది. లిండా మరుసటి ఏడు పేదరికంలోనే పోయాడు. 2000లో పాత్రికేయుడు రియాన్ మలాన్ 'రోలింగ్ స్టోన్'లో ఈ కథంతా బయటపెట్టాడు. చివరికి లిండా కూతుళ్లను ఆదుకున్నది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం. రచయిత చనిపోయిన పాతికేళ్లకు హక్కులు వారసులకు తిరిగొస్తాయన్న నిబంధన అందులో ఉంది. లాయర్లు దాన్ని వెతికిపట్టి, ఆ పాటను వాడుకున్న డిస్నీ మీద దావా వేస్తే 2006లో రాజీ కుదిరింది. లిండా పాటలోనూ మిశ్రమం ఉంది. అది ఎవరిదీ కాకపోతే డబ్బు కూడా ఎవరికీ చేరకూడదు కదా! చేరింది, లిండాకు తప్ప. 'అందరి సంప్రదాయం' అనే మాట ఎప్పుడూ రికార్డు కంపెనీకే పనికొచ్చింది.

ఆఫ్రికా సంగతి మనకెందుకంటారా? 'మాయాబజార్' (1957) టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. అందులో నాలుగు పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన మధ్యలో తప్పుకున్నారు. పేరు వెయ్యలేదు. రాజేశ్వరరావు అంతటి పేరున్నవాడు కాబట్టి ఈ సంగతి నలుగురికీ తెలిసింది. ఆ పాటల్లో వయొలిన్లు, సితార్, ఫ్లూట్ వాయించినవాళ్లెవరో మన పాటల పుస్తకాల్లో వెతకండి. పల్లవి కంటే ముందొచ్చే ఫ్లూట్ బిట్టు వింటేనే పాట పేరు చెప్పేస్తారు మనవాళ్లు. ఆ ఊపిరి ఎవరిదో చెప్పలేరు.

కొంతకాలంగా నేనూ ఇద్దరు విద్యార్థులూ కలిసి ఒక పట్టిక తయారుచేస్తున్నాం. మద్రాసులో తెలుగు పాటల రికార్డింగులకు వాయించినవాళ్ల పేరు, వాద్యం, పాట, వీలైతే తేదీ. పేపర్ల మీద పేపర్లు రాసే ఓపిక నాకు తగ్గింది, ఇది మాత్రం పూర్తిచేయాలనుంది. మాకు రావలసిన సాయం రాలేదు. నిధులిచ్చే కమిటీలో ఒకరు "ఇది పరిశోధన కాదు, జాబితా" అన్నారు. లిండా కూతుళ్లను నిలబెట్టింది సౌందర్యశాస్త్రం కాదని ఆయనకు ఈ సభాముఖంగా మనవి చేస్తున్నాను.

మీలో చాలామంది ఇళ్లల్లో ఆ వాద్యకారుల పిల్లలో, మనవలో ఉండవచ్చు. అటకమీద నొటేషన్ పుస్తకాలు, స్టూడియో ఫొటోలు, డబ్బు ముట్టినట్టు సంతకం పెట్టిన రసీదులు ఉంటే పాత కాగితాలవాడికి వేసేయకండి. ఫొటో వెనుక ఎవరెవరున్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఈ వారమే పెన్సిల్‌తో రాయించండి. మాకు కాగితం ఇవ్వకపోయినా ఫరవాలేదు, దాని నకలు ఇవ్వండి.