మూడువేలవ హిట్

బేస్‌బాల్‌లో అవుట్‌ఫీల్డర్ అంటే క్రికెట్‌లో బౌండరీ దగ్గర కాపు కాసే ఫీల్డర్ లాంటివాడు. ప్యూర్టోరికోలో పుట్టిన రాబర్టో క్లెమెంటే అలాంటి అవుట్‌ఫీల్డరే; 1955 నుంచి 18 సీజన్లూ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే ఆడారు. నాలుగుసార్లు బ్యాటింగ్‌లో లీగ్‌లోనే మొదటివారు. నాకు మాత్రం ఆయన చేతి విసురే గొప్ప. కుడి మూల నుంచి విసిరితే బంతి తిన్నగా బేస్ దగ్గర వాలేది, పరుగెత్తబోయేవాడు ఆగిపోయేవాడు. ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ 12 సార్లు ఆయనదే.

1972 సెప్టెంబర్ 30న మూడువేలవ హిట్ (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరుకోవడం) కొట్టారు. డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సరుకులు తీసుకెళ్తుండగా ఆయన ఎక్కిన విమానం సముద్రంలో కూలి, ప్రాణాలు కోల్పోయారు. ముందు పంపిన సాయం దారి మళ్లిందని విని, తానే బయలుదేరారు. అప్పటికి వయసు 38. ఆట ముగిశాక ఐదేళ్లు ఆగాలన్న నియమం పక్కనపెట్టి, 1973లోనే ఆయన్ను బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.